బందరు గృహస్మృతి: పాఠపరిష్కరణదృష్టితో ఒక పరిశీలనము

1. ప్రస్తావన

ప్రాచీనగ్రంథపరిష్కరణము తెలుగుశాఖల ముఖ్యకర్తవ్యములలో నొకటిగా చిరకాలమునుండి భావింపబడుచున్నది. తాళపత్రప్రతులను సేకరించుట, పాఠాంతరములను సరిచూచుట, ప్రక్షిప్తములను వేరుపరచుట, గ్రంథపాతములను గుర్తించుట అను పనులందు మన పెద్దలు చూపిన నిష్ఠ సువిదితము. కాని వ్రాతలో నిలువక గోడలందును, గుమ్మములందును, గుడ్డలందును, నోటిమాటలందును నిలిచిన వాఙ్మయముపట్ల అట్టి నిష్ఠను మనము చూపితిమా యని ప్రశ్నించుకొన్నచో సమాధానము సంతృప్తికరముగా నుండదు. ఈ లోపమును మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ అను మూడు తావులను దృష్టియందుంచుకొని విచారించుట యీ వ్యాసోద్దేశము.

ఒక పాతయింటిని దానియందలి వస్తుసామగ్రితోడను, నివసించినవారి జీవనచిహ్నములతోడను ఉన్నచోటనే కాపాడి జనులకు చూపుటను గృహప్రదర్శనశాల యందురు. సామాన్యప్రదర్శనశాలకును దీనికిని గల భేదము స్పష్టము. అందు వస్తువు తన చోటును విడిచి గాజుబీరువాలోనికి వచ్చును. ఇందు వస్తువు తన చోటనే యుండును. చూడవచ్చినవాడే దాని యింటికి పోవును. స్ట్రాట్‌ఫర్డులో షేక్‌స్పియరు జన్మగృహమును 1847లో ప్రజలపక్షమున కొనినది మొదలు ఈ పద్ధతి లోకమున వ్యాపించినది. మన దేశమున కలకత్తాలోని జొరాసాంకో ఠాకూరుల భవనము, ప్రయాగలోని ఆనందభవనము ఇట్టివే. కృష్ణాముఖద్వారప్రాంతమునకు ఇట్టి గృహ మావశ్యకమా? ఆవశ్యకమైనచో అది యెట్టిదై యుండవలెను? అను ప్రశ్నలను సాహిత్యవిమర్శకుని దృష్టితో పరిశీలింతును.

2. అనేక లేఖకుల ప్రతి

ఒకే తాళపత్రప్రతిలో పలువురు లేఖకుల చేవ్రాలు కానవచ్చుట మన మెరిగినదే. మచిలీపట్టణ మట్టి ప్రతి. ఊరిపేరులోనే యీ విషయము తెలియుచున్నది. మచిలీపట్టణమని తెలుగులో వ్యవహరింతుము. అంతకంటె చనువుగా బందరనుచున్నాము. ఈ రెండవది ఓడరేవను నర్థముగల పారసీకపదము. సాధారణనామ మొక యూరికి విశేషనామమై నిలుచుటనుబట్టియే, ఒకకాలమున గోలకొండరాజ్యమునకు రేవనగా నిదియే యను ప్రసిద్ధి యుండెనని గ్రహింపవచ్చును.

పేటల పేర్లు ఇంకను స్పష్టములు. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను మూడు పేర్లు నేటికిని వాడుకలో నున్నవి. హాలండువారిని మనవారు వలందులనిరి; ఫ్రెంచివారిని పరాసులనిరి. డచ్చివారు 1605లో ఇచ్చటికి వచ్చిరి. ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ 1611లో వచ్చినది. ఫ్రెంచివారు 1669లో వర్తకస్థానము నేర్పరచుకొనిరి. ఈ మూడు జాతుల సైన్యములు పోయినవి, కోఠీలు పోయినవి, దొరతనములు పోయినవి. తెలుగునాలుకపై నొదిగిన మూడు పేర్లు మాత్రము మిగిలినవి. బందరులో ఫ్రెంచివారికి మిగిలిన చిన్నస్థలము 1947 అక్టోబరులో భారతదేశమున చేరినదనుట నేటి విద్యార్థులలో పలువు రెరుగని విషయము.

ఐరోపావారికి ముందే యిచ్చట పారసీకులుండిరి. ఇరానులోని అర్దిస్తాను ప్రాంతమునుండి వచ్చిన మీర్ మహమ్మదు సయ్యదు గోలకొండ కొలువున వృద్ధిపొంది మీర్ జుమ్లాయై, వజ్రవ్యాపారముతోడను ఓడవర్తకముతోడను దేశాంతరములందును పేరొందెను. ఆర్మీనియనువర్తకులు, పెగు, అచే రేవులతో సంబంధముగల నావికులు, కోమట్లు, బలిజలు, సాలెలు, దూబాసీలు—వీరందరి రాకపోకలతో నీ పట్టణము నిండియుండెను. బందరున షియాల మొహరము నేటికిని విశిష్టముగా జరుగుచున్నది. బందరులడ్డు బొందిలీలు తెచ్చిన వంటకమని స్థానికు లందురు.

బందరునకు పూర్వమే యీ సీమ సముద్రమునకు తలుపు తెరచియుండెను. క్రీస్తుశకము తొలిశతాబ్దమునాటి పెరిప్లసు గ్రంథమున మసాలియా యను పేర ఈ తీరము సన్నని నూలుబట్టలకు ప్రసిద్ధమైనదిగా పేర్కొనబడినది. టాలెమీ చెప్పిన కొంటకొస్సిల ఘంటసాలయనియు, కొడ్డూర బందరుచెంతనున్న గూడూరనియు పండితులు గుర్తించిరి. అలెగ్జాండరు రీ 1894లో ప్రకటించిన గ్రంథమున భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములు మూడును చేరియున్నవి. గుడివాడలో బౌద్ధస్తూపపు దిబ్బయు, జైన పార్శ్వనాథుని విగ్రహమును ఒకే ఊరిలో నున్నవి. దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు వెలసియున్నాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదారచనకు ప్రేరణ యిచ్చటనే కలిగినదని చెప్పుకొనెను. దివిసీమ పెదప్రోలు వాడైన కాసుల పురుషోత్తమకవి ఆ దేవునిపైననే ఆంధ్రనాయకశతకము రచించెను. మొవ్వ గోపాలుని పేర పదములు చెప్పిన క్షేత్రయ్య మధుర, తంజావూరు కొలువులతోపాటు గోలకొండ కొలువునందును పాడెను. కూచిపూడి యగ్రహారము తానీషా యిచ్చినదని సంప్రదాయము చెప్పుచున్నది. వైష్ణవక్షేత్రము, శృంగారపదము, తురకప్రభువు కొలువు, బ్రాహ్మణుల నాట్యము అనునవి ఈ సీమలో నొకదాని కొకటి పొరుగిండ్లు. మన సాహిత్యచరిత్రలలో మాత్రము అవి వేర్వేరు అధ్యాయములలో నున్నవి.

3. గ్రంథపాతము

ఇన్ని చేవ్రాళ్ళుగల ప్రతిలో మిగిలిన పత్రములు మిక్కిలి తక్కువ. ఇందుకు కారణములు మూడు.

మొదటిది నిర్మాణద్రవ్యము. 17వ శతాబ్దిలో బందరును చూచిన ఫ్రెంచివర్తకుడు తావెర్నియే ఇచ్చటి యిండ్లు కొయ్యతో కట్టినవని వ్రాసియున్నాడు. ఉప్పుగాలిలో, చవుడునేలలో కొయ్య యెంతకాలము నిలుచును?

రెండవది సముద్రము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో ఉప్పెన బందరును ముంచివేసినది. పట్టణమునను పరిసరములందును సుమారు 30 వేలమంది మరణించిరని లెక్క. తరువాత దండును ఎత్తివేసిరి, కోట పాడుపడినది. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి, ఊళ్ళకూళ్ళు కొట్టుకొనిపోయినవి. మనుష్యులతోపాటు వారి భోషాణములు, దస్తావేజులు, తాళపత్రములు, అచ్చుకొయ్యలు, ఇంటిలోని పెద్దల జ్ఞాపకములు కూడ పోయినవి. వాటి లెక్క యే ప్రభుత్వనివేదికయందును చేరలేదు.

మూడవది మన నిర్లక్ష్యము. దీనిని గూర్చి వ్రాయుటకు నాకు సంకోచముగా నున్నది. ఏలయన ఇందు నా దోషమును కలదు. కొన్ని సంవత్సరములకు పూర్వము బందరులోని యొక పాతలోగిలిని గూర్చి నా విద్యార్థి యొకడు తెలిపెను. రంగూనుటేకు స్తంభములు, మండువా, గోడలోని యలమారులో పద్దుపుస్తకములు, అటుకమీద కొన్ని తాటాకుకట్టలు ఉన్నవని చెప్పెను. నేనప్పుడొక ప్రబంధమునందలి ప్రక్షిప్తపద్యములను నిర్ణయించు పనిలో మునిగియుంటిని. వేసవికి పోవుదమంటిని. వేసవి గడచినది, మరుసటి సంక్రాంతికి పోతిని. అప్పటికి స్తంభములు వేలము వేయబడినవి. నేల చదునుచేయబడినది. పద్దుపుస్తకములేమైనవని అడుగగా పనివాండ్రు చలిమంటకు వాడితిమని చెప్పిరి. వారిని నిందింపను; అవి యేమో వారికి చెప్పినవారు లేరు. చెప్పదగినవాడు ఒక యేడు ఆలసించెను. పదునెనిమిది పద్యములు ప్రక్షిప్తములని నేను నిర్ణయించిన ఆ సంవత్సరముననే ఒక గ్రంథము సమూలముగా నశించినది.

2023లో బందరున క్రొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి. రేవు వచ్చుట ఆ ప్రాంతప్రజల చిరకాలపు కోరిక. అది నెరవేరుట సంతోషకరము. కాని రేవుతోపాటు నేలధర పెరుగును. నేలధర పెరిగినచోట పాతయింటి ఆయువు తగ్గును. కావున ఈ విచారణకు తగిన కాల మిదియే.

4. మనకున్న గృహములు

తెలుగుదేశమున సాహిత్యపరమైన గృహస్మారకములలో రెండు ముఖ్యములు. ఒకటి రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి గృహము. రెండవది విజయనగరమున గురజాడ అప్పారావుగారి గృహము. ఈ రెండింటిని నిలుపుకొనుట మనకు గౌరవము. వాటిని నిలిపినవారికి మనము కృతజ్ఞులము. అయినను విమర్శకుడు కృతజ్ఞతతో ఆగిపోరాదు.

ఈ గృహములు వ్యక్తిస్మృతిప్రధానములు. కవి కూర్చున్న కుర్చీ, వాడిన కలము, ధరించిన కోటు, గోడపై చిత్రపటము—వీటి ద్వారా ఒక మహాపురుషుని సాన్నిధ్యమును కల్పించుట వాటి పద్ధతి. ఇందులో లోపము సూక్ష్మమైనది. కన్యాశుల్కము 1897లో వెలువడినది. పూర్తిగా మార్చివ్రాసిన రెండవకూర్పు 1909లో వచ్చినది. ఆ నాటకములో ఎన్ని కులములు, ఎన్ని వృత్తులు, ఎన్ని మాండలికములు, ఎన్ని యింగ్లీషుముక్కలు వినవచ్చుచున్నవి! గృహమున కవి కుర్చీ ఉన్నది. మధురవాణికి కూర్చుండ చోటెచ్చట? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినవారు వీరేశలింగముగారు. ఆ కాలమున ఊరివారి వెలిని సహించుచు, ఆశ్రయము కోరివచ్చిన బాలవితంతువులను కడుపులో పెట్టుకొని చూచినది రాజ్యలక్ష్మమ్మగారు. ఆమె వంటయిల్లు ఆ యుద్యమమునకు మూలస్థానమనుట అతిశయోక్తి కాదు. కవిగృహము కవిని మాత్రమే చూపినచో, ఆయన గ్రంథమునకు వ్యాఖ్యానము కాజాలదు, కేవలము ముఖచిత్రమగును.

బందరున ఈ పద్ధతి బొత్తిగా చాలదు. అచ్చట మహాపురుషులు లేరని కాదు. ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రికను నడపిన ఊరది. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు 1910లో ఆంధ్ర జాతీయకళాశాలను స్థాపించిన తావది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పాఠము చెప్పిన, విశ్వనాథ సత్యనారాయణగారు పాఠము విన్న పాఠశాల యచ్చటిది. పింగళి వెంకయ్యగారి భట్లపెనుమర్రు ఆ చెంతనే యున్నది. వీరిలో నెవరి యిల్లైనను స్మారకార్హమే. కాని యే యొక్కరి యిల్లును బందరు కాజాలదు. బందరుకథకు నాయకు డొక్కడు కాడు, వీధి నాయకుడు.

ఇట్టి సమూహస్మృతిని చూపిన గృహమునకు ఉదాహరణము సముద్రమున కావలనున్నది. మలక్కా పట్టణమున ఒక చైనావర్తకకుటుంబము తన 19వ శతాబ్దపు గృహమును 1980వ దశకములో ప్రదర్శనశాలగా మార్చినది. బాబా-న్యోన్యా గృహమని దానికి పేరు. చైనానుండి వచ్చి మలయాస్త్రీలను పెండ్లాడి స్థిరపడినవారి సంతతి యెట్లు తిన్నది, ఏ భాష మాటలాడినది, ఏ దేవుని కొలిచినది, ఎట్టి వస్త్రము కట్టినది అను విషయములు ఆ యింటి గదిగదియందును కానవచ్చును. అందు మహావీరులు లేరు. పెండ్లిగది కలదు, వంటయిల్లు కలదు, పితృదేవతల పీఠము కలదు. బందరు అద్దకపుగుడ్డలు ఒకప్పుడు మలయాదీవులకు ఓడలపై పోయినవేయనుట ఇచ్చట స్మరణీయము. మన గుడ్డ పోయిన చోటులలో గృహము నిలిచినది; గుడ్డ పుట్టిన చోట నిలువలేదు.

5. పూర్వపక్షములు

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చును.

మొదటిది: వలందుల, పరాసుల, ఇంగ్లీషువారి చిహ్నములను కాపాడుట దాస్యమును కాపాడుటయే కదా యని. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. బందరున డచ్చివారి శ్మశానము కలదు; కేంద్ర పురావస్తుశాఖ దానిని కాపాడుచున్నది. వంశచిహ్నములు చెక్కిన రాళ్ళు, చక్కని యక్షరములు చూచి మనము మెచ్చుకొందుము. 17వ శతాబ్దిలో కరవుకాలములందు తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొన్న కోరమాండలుతీరపు జనులను ఆ కంపెనీయే ఓడలపై బటేవియాకును, సింహళమునకును కొనిపోయెను. ఈ సంగతి వారి దస్త్రములందే కలదు. ఆ జనులకు రాళ్ళు లేవు. సమాధులున్నవారిని మాత్రమే తలచుకొనుట చరిత్ర కాదు. అయితే ఇందుకు పరిహారము సమాధులను మరచుట కాదు. సమాధులు లేనివారికిని చోటిచ్చుట. గృహప్రదర్శనశాలలో దొరగారి మేజాబల్ల యున్నచో, దాని ప్రక్కనే బయానాకు కట్టుబడి నేసిన సాలెవాని మగ్గమును ఉండవలెను. అప్పుడది దాస్యస్మారకము కాదు, దాస్యమునకు సాక్ష్యమగును.

రెండవది: గ్రంథములు చాలవా యని. బందరు వర్తకచరిత్రను గూర్చి గొప్ప పరిశోధనలు జరిగినవి. సిన్నప్ప అరసరత్నము, అనిరుద్ధ రాయ్‌గారలు 1994లో ప్రకటించిన గ్రంథము బందరును ఖంబాతుతో కలిపి చర్చించినది. హేగునగరమందలి డచ్చి దస్త్రములు, లండనునందలి ఇంగ్లీషుకంపెనీ దస్త్రములు వేలకొలది పుటలు. కాని యీ దస్త్రములు కొన్నవాని చేవ్రాలు. అమ్మినవాని చేవ్రాలు కావు. గుడ్డ యెన్ని గజములు, ధర యెంత అని అవి చెప్పును. అచ్చును చెక్కినవాడు ఆకును చూచి గీసెనా, పారసీకుని నమూనాను చూచి గీసెనా, ఆ నమూనాకు ఏమని పేరుపెట్టెను అని చెప్పవు. ఆ జ్ఞానము పెడన వీధులలో పనివారి చేతులందు మిగిలియున్నది.

మూడవది: ఇరుగుపొరుగు జాతులు కలసిమెలసి బ్రతికిన స్వర్ణయుగమును చూపి మురిసిపోవుట యిది యని. ఈ ప్రమాదము నిజముగా కలదు. బందరు కలయికల ఊరు మాత్రమే కాదు. పోరుల ఊరు కూడ. 1750లో ఫ్రెంచివారి వశమైన కోటను 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రిదాడితో పట్టుకొనెను. ఆ యుద్ధములో ఇరువైపుల మరణించిన సిపాయీలలో మనవారెందరో. కలయికను చూపు గృహము కలహమును దాచినచో అది ప్రక్షిప్తమే యగును.

6. పరిష్కరణసూత్రములు

పై చర్చనుబట్టి, బందరుగృహము నేర్పరచువారికి గ్రంథపరిష్కర్త పాటించు సూత్రములే శరణ్యములని నా యభిప్రాయము. వానిని నాలుగింటిగా చెప్పవచ్చును.

మొదటిది మూలప్రతినిష్ఠ. ఉన్నదానిని ఉన్నట్లుంచవలెను, చేర్చినదానిని చేర్చినట్లు తెలుపవలెను. పాతస్తంభమున కతికిన క్రొత్తకొయ్య రంగువేసి పాతదిగా చూపరాదు. పాఠమున కుండలీకరణమెట్లో, గృహమున ఈ గుర్తు అట్లు.

రెండవది పాఠాంతరప్రదర్శనము. ఒకే విషయమునకు పలుకథలున్నప్పుడు పరిష్కర్త ఒకదానిని పైనుంచి తక్కినవానిని అడుగున చూపును. ఊరిలోని ఇంగ్లీషు చర్చిని గూర్చి, అందు సమాధియైన ఆరబెల్లా రాబిన్సను అను యువతిని గూర్చి, ఆమెను ప్రేమించిన సేనాని పేటరును గూర్చి బందరున ఒక కథ ప్రచారములో నున్నది. అది చరిత్రగా ఎంతవరకు నిలుచునో వేరుమాట. జనులు రెండువందల యేండ్లుగా దానిని చెప్పుకొనుట చరిత్రయే. శాసనమును ఒకవైపును, జనకథను ఒకవైపును ఉంచి, ఏది యేదియో చెప్పినచో చాలును.

మూడవది గ్రంథపాతసూచనము. లేనిదానిని కల్పించి పూరింపరాదు. 1864 నాటి ఉప్పెననుగూర్చి, 1977 నాటి ఉప్పెననుగూర్చి ఒక గదిని వట్టిదిగా నుంచి, గోడపై నీరు వచ్చిన యెత్తును గీతతో చూపినచో అది చాలును. తాళపత్రమున పురుగుతిన్న చోటును చుక్కలతో చూపుట మనకు తెలియును. ఆ గది ఆ చుక్కలకు సమానము. దివిసీమవారు ఆ గదిలో నిలుచుండి తమ పెద్దలు చెప్పినది తాము చెప్పుకొందురు. దానిని వ్రాసికొనుట పరిశోధకుని పని.

నాలుగవది పదకోశము. ఇది ప్రత్యేకముగా తెలుగుశాఖవారి బాధ్యత. మండువాలోగిలి మధ్య నిలుచుండి చుట్టును చూడుడు. దూలము, గుమ్మము, అరుగు, నట్టిల్లు, పెరడు—ఇవి మన మాటలు. గోడలోని అలమారు పోర్చుగీసువారిది. దాని ప్రక్క బీరువా ఐరోపానుండి వచ్చిన బ్యూరో. కుర్చీ ఆరబ్బీనుండి వచ్చినది, పరదా పారసీకము. పెరటిలోని పీపా, చొక్కాకు బొత్తాము, ఇంటిని కట్టిన మేస్త్రీ పోర్చుగీసు పదములు. చివర కాయిల్లు పడగొట్టి స్తంభములను అమ్మివేసిన వేలము కూడ ఆ భాషదే. ఈ మాటలను మన యవ్వలు పరభాషాపదములని తెలిసి వాడలేదు, ఇంటిమాటలని వాడిరి. నిఘంటువులో అవి అకారాదిక్రమమున దూరదూరముగా పడియున్నవి. ఇంటిలో అవి ఒకచోట నున్నవి. భాషాచరిత్రను బోధించుటకు దీనిని మించిన గ్రంథము నాకు కానరాదు.

7. వస్తువిశేషము: అద్దకపుగుడ్డ

ఈ గృహమున కేంద్రస్థానము దేనికియ్యవలెనని యడిగినచో అద్దకపుగుడ్డకని చెప్పుదును. కలంకారియను పేరు పారసీకము. పని తెలుగువానిది. కోరగుడ్డను తెలుపుచేసి, కరకకాయరసమును పాలును కలిపి నానబెట్టి, ఇనుపతుప్పును బెల్లముతో ఊరవేసిన నల్లరంగుతో టేకుకొయ్య అచ్చులు అద్ది, ఎరుపు పుట్టవలసినచోట పటిక అద్ది, పారునీటిలో జాడించి, రాగికాగులో ఉడికించెదరు. పూర్వము ఎరుపునకు చిరివేరు వాడెడివారు. అది యీ డెల్టా ఇసుకనేలలలో పెరిగిన వేరే. ఇట్లు కృష్ణనీరు, కృష్ణయిసుక, ఊరి బెల్లము, పశువులపాలు కలిసి యొక గుడ్డయైనవి.

ఆ గుడ్డపై తీగ పారసీకుల తోటలోనిది. పువ్వు డచ్చివాని కోరికమేరకు పెరిగినది. హాలండుదేశమున హిందెలోపెన్ అను చిన్నయూరి స్త్రీలు తమ సంప్రదాయపు పైదుస్తులను కోరమాండలుగుడ్డతో కుట్టించుకొనిరి. వారికది తమ యూరి యాచారము. దానిని నేసిన తావు వారికి పేరుమాత్రమే. నేడు లండనులోని విక్టోరియా-ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఈ తీరపు గుడ్డలు భద్రముగా నున్నవి. అచ్చట వానికి వెలుతురు కూడ కొలిచి యిత్తురు. బందరువిద్యార్థి తన యూరి గుడ్డను చూడవలెనన్న ఓడ యెక్కవలెనా?

జాతీయకళాశాలవారు ఈ సత్యమును ముందే గ్రహించిరి. స్వదేశోద్యమకాలమున వారు సాహిత్యముతోపాటు చేతిపనులను, చిత్రలేఖనమును పాఠ్యములుగా చేర్చిరి. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని పిలిపించి విద్యార్థులకు చిత్రకళ నేర్పించిరి. అడివి బాపిరాజుగారు అట్లు నేర్చినవారే. స్వదేశీయమనగా తలుపులు మూసికొనుట కాదని ఆ కళాశాల నిరూపించినది. మన యీ ప్రతిపాదన క్రొత్తది కాదు; ఆ పెద్దలు ప్రారంభించి వదలిన పనికి కొనసాగింపు మాత్రమే.

8. కర్తవ్యము

ఏ యిల్లు? కోటలు, రాజభవనములు వలదు. చల్లపల్లి సంస్థానపు కోటవంటివి తమ గౌరవముతో తాము నిలుచును. బందరునకు తగినది నడితరగతి యిల్లు: వర్తకునిదో, దూబాసీదో, వకీలుదో, వీధివైపు అరుగు, నడుమ మండువా, వెనుక అద్దకమునకు చాలు పెరడు ఉన్నది. అరుగుమీద వర్తకము, మండువాలో కుటుంబము, పెరటిలో పని—ఈ మూడును ఒకే కప్పుక్రింద చూపవీలగును. దానికి రెండు శాఖలుండవలెను. గుడివాడ-ఘంటసాల ప్రాంతమునకు బౌద్ధజైనావశేషములతో నొకటి. దివిసీమలో ఉప్పెనజ్ఞాపకములతో నొకటి. కూచిపూడిలో వేరే గృహము నిర్మింప నక్కరలేదు. అచ్చట నాట్యము నేర్పిన పెద్దల యింటిఅరుగులే పాఠశాలలు. వానిని పాడుచేయకున్న చాలును.

ద్రవ్యమెక్కడినుండి వచ్చునను ప్రశ్న ప్రభుత్వమునకు, దాతలకు చెందినది. దానికి సమాధానము చెప్పు సామర్థ్యము నాకు లేదు. కాని ద్రవ్యము లేకయే చేయదగిన పని యొకటి తెలుగుశాఖల చేతిలో నున్నది. ప్రతిసంవత్సరము మన పరిశోధకవిద్యార్థులు కవులపై, కావ్యములపై సిద్ధాంతగ్రంథములు సమర్పించుచున్నారు. వారిలో ప్రతి యొక్కరును తమ సెలవులలో ఒక్క పాతయింటిని వర్ణింపవలెనని నియమము చేసినచో నెంత మేలగును! ఇంటి కొలతలు, గదుల పేర్లు, వస్తువుల పేర్లు, ఆ యింటిలోని పెద్దలు చెప్పిన సంగతులు, ఉన్న కాగితముల ఛాయాచిత్రములు—ఇవి చాలును. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెములతో ఆరంభింపవచ్చును. ఇల్లు నిలిచినచో ఆ వ్రాత ప్రదర్శనశాలకు పీఠికయగును. ఇల్లు పోయినచో మిగిలిన యేకైకప్రతి యదియే యగును.

పైన చెప్పిన లోగిలి ఉన్న చోటికి మరల పోయితిని. ఇప్పుడక్కడ దుకాణములు కట్టుచున్నారు. ఆ సమాచారము నాకు తెచ్చిన విద్యార్థి నేడు ఒక కళాశాలలో ఉపన్యాసకుడుగా నున్నాడు. ఆ యింటి కొలతలు అతడు తన నోటుబుక్కులో వ్రాసియుంచెను. పదునాలుగు వస్తువుల పేర్లును, ఒక ముసలమ్మ చెప్పిన ఉప్పెనకథయు అందున్నవి. అతని యనుమతితో ఆ పుటలను మా శాఖయందు తాళపత్రప్రతుల పట్టికలో చేర్చితిని. తక్కిన శాఖలవారును తమ పట్టికలలో ఇట్టి సంఖ్య యొకటి తెరువవలెనని కోరుచున్నాను.